నిశ్శబ్దం గారికి, మూడు సెకన్ల విషయమై

మహారాజశ్రీ నిశ్శబ్దం గారి సముఖానికి,

ఒడిశా బరంపురం నుంచి ఒక డబ్బింగ్ గొంతు నమస్కరించి రాసుకునేది ఏమనగా,

ఇక్కడ అందరం క్షేమం. కాస్త గట్టిగానే క్షేమం. మీ క్షేమం అడుగుదామంటే మీరెక్కడున్నారో తెలియదు. నిన్న మధ్యాహ్నం రెండింటి నుంచి ఆరింటి దాకా ఫ్యాను ఆపి, కిటికీకి రెండు బొంతలు మేకులు కొట్టి, గోడకు పరుపు నిలబెట్టి, ఆ సందులో మైకు ముందు చెమటలు కక్కుతూ మీ దారి చూసిన మనిషిని నేనే. మీరు రాలేదు. పోనీ రానని కబురైనా పెట్టలేదు.

నేనడిగింది ఎంతని? మూడు సెకన్లు.

పిల్లల కోసం సైన్సు పాఠాలు ఆడియోగా చేసేవాళ్లు నాకో స్క్రిప్టు పంపారు. డబ్బులు చూస్తే వద్దనాలి. వాయేజర్ అన్న పేరు చూసి ఒప్పేసుకున్నాను. 1977లో బయల్దేరిన ఆ రెండు అంతరిక్ష నౌకల్లోనూ బంగారు పూత పూసిన రికార్డు ఉంది కదా, అందులో 55 భాషల్లో పలకరింపులున్నాయి. తెలుగు ఉంది, ఒడియా ఉంది. అంటే మా వీధి కుళాయి దగ్గర పోట్లాడుకునే రెండు భాషలూ ఇప్పుడు సూర్యుడి గాలి సోకనంత దూరంలో పక్కపక్కన ఉన్నాయన్నమాట. ఆ తెలుగు పలకరింపు చెప్పిన గొంతంటే నాకు ఇప్పటికీ అసూయే. ఒక్కసారి చెప్పి వదిలేశారు, రీటేక్ అడగడానికి క్లయింటు అంత దూరం పోలేడు.

స్క్రిప్టు పన్నెండో పేజీలో ఒక ముక్క: "అక్కడ గాలి లేదు. గాలి లేదు కనుక శబ్దం లేదు. ఉన్నదల్లా అంతులేని నిశ్శబ్దం." దాని పక్కన ఎర్ర అక్షరాల్లో, మూడు సెకన్ల విరామం, క్లీన్‌గా ఉండాలి.

ముందరి పదకొండు పేజీలూ ఉదయమే గంటన్నరలో అయిపోయాయి. ఈ ఒక్క ముక్కకు పంతొమ్మిది టేకులు.

మొదటి టేకు వెనకింటి కుక్కర్ పాలైంది. "నిశ్శబ్దం" అన్నానో లేదో విజిల్. ఇంకో రెండు వస్తాయని తెలుసు కాబట్టి ఆగాను. వాళ్లు ఆ రోజు శనగలు పెట్టారు, ఏడు వచ్చాయి. నాలుగో టేకు చెత్తబండి పాట. ఆరో టేకుకు ఎవరో కారు వెనక్కి తీశారు. ఆ రివర్స్ ట్యూను కట్టినవాణ్ని... సరే, వదిలేయండి. ఎనిమిదోది కోయిల. కవులందరూ కూడబలుక్కుని పొగిడిన పిట్టను తిట్టడానికి నోరు రాలేదు.

పదోది పావురాలది. మా వెంటిలేటర్లో కాపురం పెట్టిన జంట ఒకటుంది. 1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరికి తమ యాంటెన్నాలో ఎటు తిప్పినా పోని రొద ఒకటి వినబడింది. లోపల పావురాలు గూడు కట్టాయి, ఇది వాటి నిర్వాకమే అయ్యుంటుందని రెట్టలన్నీ తుడిచి శుభ్రం చేశారు. రొద అలాగే ఉంది. తీరా చూస్తే అది విశ్వం పుట్టిన తొలినాళ్ల వేడి మిగిల్చిన అవశేషం. ఇద్దరికీ 1978లో నోబెల్ ఇచ్చారు. నేనూ స్టూలెక్కి వెంటిలేటర్ తుడిచాను. రొద పోయింది. నా కేసులో దోషులు పావురాలే. ఇంక నోబెల్ ఎక్కణ్నించి వస్తుంది?

తెలియనివాళ్లు అంటుంటారు, ఆ మూడు సెకన్లు మ్యూట్ చేసేస్తే పోలేదా అని. పోదండీ. ఉట్టి మ్యూట్ పెడితే వినేవాడికి ఫోను కట్టయిందేమో అనిపిస్తుంది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు ఉంటుంది చెవికి. అందుకే మా వాళ్లు గది ఊపిరిని, అదే రూమ్ టోన్‌ని, విడిగా రికార్డు చేసుకుంటారు. సినిమాలో అర్ధరాత్రి సీను గుర్తు తెచ్చుకోండి. హీరోయిన్ ఒక్కతే నడుస్తుంటుంది, ఎంత నిశ్శబ్దమో అనుకుంటాం. అక్కడ కీచురాళ్లను వేరే తెచ్చి పోశారు, ఆ అడుగుల చప్పుడు స్టూడియోలో ఇంకెవరో చెప్పులేసుకుని తొక్కింది. మీ పేరు మీద మేం చేసే ఖర్చు అంతా ఇంతా కాదు. క్లయింటు అడిగే నాయిస్ ఫ్లోర్, అంటే నోరు మూసుకున్నా మిగిలే రొద, మైనస్ 60 డెసిబెల్స్. అంటే మిషను పట్టగలిగే అతి పెద్ద శబ్దపు శక్తిలో పది లక్షల్లో ఒక వంతు. ఆ ఒక్క వంతు కూడా మా వీధి నాకు మిగల్చదు.

ఇక పన్నెండో టేకు. దీని గురించి రాయకూడదనుకున్నాను, కానీ రాయకపోతే ఈ ఉత్తరమే అబద్ధమవుతుంది.

గొంతు అప్పటికి బాగా దిగింది. "గాలి లేదు కనుక శబ్దం లేదు" అన్నాక నాకే ఒళ్లు జలదరించింది. "ఉన్నదల్లా అంతులేని నిశ్శబ్దం..." ఒకటి. రెండు. వీధి మలుపులోంచి ఒక ఆడగొంతు, గలగలా, ఎక్కడా తడబడకుండా, "ఉల్లిపాయలమ్మా ఉల్లిపాయలు! కొత్త బంగాళదుంపలు! నాటు టమాటాలు!" అని అందుకుంది. తర్వాత అదే ఒడియాలో.

ఆ గొంతు నాదే.

రెండేళ్ల కిందట కూరగాయల బండి కుర్రాడు గుమ్మంలో నిలబడి, "అప్పా, అరిచి అరిచి గొంతు పోతంది. మీ మిషన్లో ఒక్కపాలి సెప్పిచ్చీండి" అన్నాడు. జాలేసింది. రెండు భాషల్లో చెప్పాను. మనకు పనితనం ఎక్కువ కదా, ఊరికే చెప్పి ఇస్తే చాలదా, ఇవ్వలేదు. మనిషి చెవికి బాగా గుచ్చుకునేది 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్యని చదువుకున్నాను కాబట్టి ఆ భాగాన్ని కాస్త పైకి లేపాను. చిన్న గొట్టం మైకులోంచి కూడా నాలుగు వీధులు దాటేలా చెక్కి ఇచ్చాను. నాకు ముట్టింది రెండు కొత్తిమీర కట్టలు. ఆ పెన్‌డ్రైవు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయి ఇప్పుడు ఎన్ని బండ్లకు ఎక్కిందో లెక్క లేదు. ఒకాయన ఉల్లిపాయలు కాదు, ప్లాస్టిక్ బకెట్లు అమ్ముతూ కూడా నా ఉల్లిపాయలే వేసుకుంటున్నాడు. రెండు బొంతలూ, పరుపూ, కిటికీ అద్దమూ దాటుకుని నా గొంతు నా మైకులోకి వచ్చి కూర్చుంటోంది. దాన్ని ఆపేంత బొంత ఇంకా ఎవరూ కుట్టలేదు.

విసుగొచ్చి ఆ టేకునే పంపాను, ఏమంటారో చూద్దామని. పావుగంటలో జవాబు: "మేడమ్, వెనకాల ఉల్లిపాయలు చెబుతున్న ఆవిడ ఎవరు? ఎనర్జీ చాలా బాగుంది. నంబరు ఉంటే ఇస్తారా?"

ఇవ్వలేదు. రేటు మాట్లాడుకుంటే ఆవిడ నాకంటే తక్కువకే వచ్చేలా ఉంది.

పదిహేడో టేకుకు వీధి మొత్తం నిద్రపోయింది. కుక్క లేదు, కారు లేదు, కోయిల లేదు. నా కడుపు గుర్రుమంది. మధ్యాహ్నం అన్నం తింటే నిద్రొస్తుందని తినలేదు, దాని ఫలితం.

పద్దెనిమిదో టేకుకు మీరు వచ్చారు. కాదనను. వచ్చారు. మోటార్లు ఆగాయి, పక్కింటి టీవీ ఆగింది, ఎప్పుడూ వినబడే ఫ్రిజ్ మూలుగు కూడా ఆగింది. ఆహా అనుకుని తల ఎత్తితే ముందున్న స్క్రీన్ నల్లగా ఉంది. కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుని ఊళ మొదలెట్టింది.

అంటే కరెంటు ఉంటే నువ్వుండవు, నువ్వుంటే కరెంటు ఉండదు. ఇదేం కాపురం? నీకు నాతో వచ్చిన ఇబ్బంది ఏమిటి? పదిహేనేళ్లుగా నీకోసం ఎండాకాలంలో ఫ్యాను ఆపుకుంటున్నాను. ఇంట్లో గాజులు తీసేసి తిరుగుతున్నాను. చుట్టాలొస్తే "గట్టిగా మాట్లాడకండి" అన్నందుకు పొగరుబోతునని పేరు మోస్తున్నాను. అత్తగారి మోకాలి నొప్పుల నూనె సీసా మూత తీసిన చప్పుడుకు కూడా కసిరాను, పెద్దావిడ్ని. ఎవరి కోసం?

పైగా నువ్వు పెద్ద మోసం. నువ్వు అసలెక్కడా లేవు. జాన్ కేజ్ అనే సంగీతకారుడు నిన్ను వెతుక్కుంటూ హార్వర్డ్‌లో చప్పుడే పుట్టని గదిలోకి వెళ్లి కూర్చుంటే, ఒక సన్నటి రొద, ఒక లావు రొద వినబడ్డాయి. లావుది ఆయన నెత్తురు పారే చప్పుడేనని అక్కడి ఇంజినీరు చెప్పాడట. సరే, భూమ్మీద లేవు, పైన ఉన్నావేమో అనుకుంటే, నక్షత్రాల మధ్యకు చేరిన వాయేజర్-1కు కూడా అక్కడి ప్లాస్మా, అంటే విద్యుదావేశమున్న పలుచటి వాయువు, దాని తరంగాలు ఆగకుండా సన్నగా మోగుతున్నట్టు తెలిసిందని 2021లో బయటపెట్టారు. చెవికి వినబడేది కాదు, పరికరానికి అందేది, నిజమే. అయినా మూలుగు మూలుగే. నేను పిల్లలకు అంతులేని నిశ్శబ్దం అని చెబుతున్నది నీ తరఫున అబద్ధం. దాన్ని పంతొమ్మిది సార్లు చెప్పించావు.

ఇంకో సంగతి. ఆ వాయేజర్ మనతో మాట్లాడేది సుమారు 23 వాట్ల రేడియోతో. ఫ్రిజ్‌లో బల్బు పాటి. ఆ మాట దాదాపు ఒక రోజు ప్రయాణం చేసి భూమి మీద 70 మీటర్ల యాంటెన్నా గిన్నెల్లో పడుతోంది, మనవాళ్లు దాన్ని ఏరుకుంటున్నారు. ఇక్కడ మా సందు చివర పెళ్లికి పెట్టిన డీజే ఎన్ని వేల వాట్లో! అందులో పాట ఏమిటో మాత్రం పక్కనున్నవాడికి కూడా తెలియదు.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. నువ్వు ఒకసారి వచ్చావు.

2013 అక్టోబర్ 12, ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి. ఆ రాత్రి గాలి చేసిన చప్పుడు ఏ డబ్బింగ్ థియేటర్లోనూ ఎవరూ చేయలేరు. నాన్న తలుపుకు బియ్యం బస్తా అడ్డం పెట్టి దాని మీదే కూర్చున్నాడు. తెల్లారి తలుపు తీస్తే ఊరు లేదు అన్నట్టుంది. వీధిలో చెట్లు పడి ఉన్నాయి, ఒక్క బండి కదలడం లేదు, పిట్ట లేదు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు నాన్న అటక మీంచి పాత ట్రాన్సిస్టర్ దింపాడు. దానికి వెనక మూత ఎప్పుడో పోయింది, బ్యాటరీలు పడిపోకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంటుంది. ముల్లు 927 దగ్గరే ఉంది, విశాఖపట్నం రేడియో స్టేషను. నా చిన్నప్పటి నుంచీ అది అక్కడే ఉండేది. తిప్పితే నాన్న ఒప్పుకునేవాడు కాదు. సౌండ్ బాగా తగ్గించి పెట్టాడు, బ్యాటరీలు నిలబడాలని. అయినా వీధిలో నలుగురు వచ్చి అరుగు మీద చేరితే అందరికీ వినబడింది. అక్షరం అక్షరం. మధ్యలో చదివే మనిషి పేజీ తిప్పిన చప్పుడు కూడా.

మాటకు నీ అవసరం ఏమిటో నాకు ఆ అరుగు మీద తెలిసింది. పిల్లలకు రేడియో అన్నయ్య అయిన న్యాయపతి రాఘవరావు గారు 1905లో పుట్టింది ఈ బరంపురంలోనే. స్టూడియో నిండా పిల్లల్ని కూర్చోబెట్టి కార్యక్రమాలు చేసిన ఆయన నిన్ను ఏం చెప్పి ఒప్పించేవారో గానీ, నాకు ఆ చాకచక్యం లేదు.

పంతొమ్మిదో టేకు తెల్లవారుజామున మూడింటికి చేశాను. రేడియోలో మీడియం వేవ్ కూడా ఇంతే కదా. పగలు సూర్యుడి వల్ల ఆకాశంలో ఏర్పడే ఒక పొర దాన్ని మింగేస్తుంది, రాత్రి ఆ పొర పోయాక ఎక్కడెక్కడి స్టేషన్లూ వచ్చి పలుకుతాయి. నువ్వూ రాత్రి మనిషివే. మాట ముగించి చేయి కదపకుండా కూర్చున్నాను. మూడు సెకన్లు అయ్యాయి. ఆపలేదు. అర నిమిషం అయ్యాక హౌరా లైను మీద ఏదో గూడ్సు, చాలా దూరంగా, ఒక్కసారి కూత వేసింది. ఆ ముక్క కోసేశాను గానీ పారేయలేదు. వేరే ఫోల్డర్లో ఉంది.

పొద్దున క్లయింటు నుంచి జవాబు: "చాలా బాగుంది మేడమ్. విరామం మూడు కాకుండా ఐదు సెకన్లు చేద్దాం."

కాబట్టి ఈ రాత్రి మూడింటికి మళ్లీ రావలసిందిగా ప్రార్థన. వచ్చేటప్పుడు కరెంటును కూడా వెంటబెట్టుకుని రండి. ఇద్దరికీ చోటుంది, పరుపు కాస్త జరుపుతాను.

ఇట్లు,
ఫ్యాను ఆపుకుని కూర్చున్న ఉల్లిపాయలావిడ

తా.క.: బండి కుర్రాడు ఇప్పుడే వచ్చి వెళ్లాడు. వంకాయలు కూడా చేర్చమంటున్నాడు. సరేనన్నాను. అది రికార్డు చేయాలన్నా మీరు రావాలి.