రంగు చూసి నీళ్ళు కొంటున్నాం

ఆమ్లం నీలి లిట్మస్‌ను ఎర్రగా మారుస్తుంది, క్షారం ఎర్ర లిట్మస్‌ను నీలంగా మారుస్తుంది. చిన్న తరగతుల్లో బట్టీ పట్టిన ఈ రెండు ముక్కలు తప్ప ఆ పాఠంలో మనకు ఇంకేమీ మిగల్లేదు. బెంగళూరు అపార్టుమెంట్లలో ఒంట్లో ఆమ్లం తగ్గిస్తాయంటూ 'ఆల్కలైన్ వాటర్' (క్షారగుణం ఉన్న నీళ్ళు) యంత్రాలు అమ్మేవాళ్ళకు చేతినిండా గిరాకీ ఉన్నది అందుకేనని నా గట్టి నమ్మకం.

మారతహళ్ళి దగ్గర మా అపార్టుమెంటులోనూ ఈ మధ్య ఆ తంతు జరిగింది. బల్ల మీద రెండు గాజు గ్లాసులు. ఒకదానిలో మన ఇళ్ళలో తాగే ఆర్వో నీళ్ళు, రెండోదానిలో యంత్రం నుంచి పట్టిన నీళ్ళు. యంత్రం అమ్మడానికి వచ్చినతను రెండింటిలోనూ ఏదో సీసాలోంచి చుక్కలు వేశాడు. మొదటిది పసుపుపచ్చగా, రెండోది నీలంగా మారింది. "చూశారా సార్, మీరు రోజూ తాగేది యాసిడ్!" చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది ఇంజినీర్లు, ఒక్కరూ నోరు మెదపలేదు. మా ఎదురింటి నెల్లూరు పెద్దాయన మాత్రం నా చెవిలో, "ఇన్నాళ్ళూ మనవలకు యాసిడ్ తాగించామా బాబూ?" అన్నారు కంగారుగా.

తాగించారు, నిజమే. ఆర్వోలో లవణాలు చాలావరకు పోతాయి. అలాంటి నీళ్ళు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కాస్త పీల్చుకున్నా వాటి పీహెచ్ 6 దగ్గరికి దిగిపోతుంది. పీహెచ్ అంటే ఆమ్లగుణానికి కొలత: 7 తటస్థం, తగ్గితే ఆమ్లం, మించితే క్షారం. నిమ్మరసం పీహెచ్ 2కు కాస్త పైన ఉంటుంది. ఒక్కో అంకె దిగితే ఆమ్లగుణాన్నిచ్చే హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు పెరుగుతుంది. అంటే ఆ నీళ్ళకంటే నిమ్మకాయ పులిహోరలో పిండిన రసం వేల రెట్లు ఆమ్లం. పులిహోర తిన్నందుకు ఎవరి రక్తమూ ఆమ్లమైపోలేదు. రక్తాన్ని 7.35, 7.45 మధ్య నిలబెట్టే పని ఊపిరితిత్తులు, మూత్రపిండాలు చూసుకుంటాయి.

ఇక నీలం గ్లాసు. దాని పీహెచ్ 9.5 అని మహా గర్వంగా చెప్పాడు. కడుపులోని జఠరరసం పీహెచ్ 1.5 అనుకుని లెక్క వేయండి. లీటరు నీళ్ళలో క్షారగుణాన్నిచ్చే హైడ్రాక్సైడ్ అయాన్లన్నిటినీ తటస్థం చేయడానికి ఒక్క మిల్లీలీటరు జఠరరసం చాలు! నీళ్ళలో ఆమ్లాన్ని తటస్థం చేసే బైకార్బొనేట్లు కూడా ఉంటే ఇంకొంత పడుతుంది, అంతే. ఈ వైభోగానికి యంత్రం ధర అడగకండి, నాకు మళ్ళీ కోపం వస్తుంది.

ఊరుకోలేక నిమ్మచెక్క తెప్పించి నీలం గ్లాసులో రెండు చుక్కలు పిండాను. పసుపుపచ్చగా మారింది. "నిమ్మకాయ ఒంట్లోకి వెళ్ళాక ఆల్కలైన్ అయిపోతుంది సార్" అన్నాడు తడుముకోకుండా. పాపం ఆర్వో నీళ్ళకే ఆ యోగం లేదు కాబోలు.

అమ్ముకునేవాడు ఎలాగూ అమ్ముకుంటాడు. నా కోపం మన చదువు మీద. ఫలానాది ఆమ్లమా, క్షారమా అని అడిగి వదిలేస్తాం. ఎంత ఆమ్లం, ఎంత క్షారం అని అడగం. 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ పీహెచ్‌ను ప్రవేశపెట్టింది హైడ్రోజన్ అయాన్లు ఎన్ని ఉన్నాయో సులువుగా చెప్పడానికే. కొలత కోసం పుట్టినదాన్ని మనం రంగుల పట్టీ చేసి గోడకు తగిలించాం.

ప్రయోగశాల లేదన్న సాకు కూడా చెల్లదు. హారతికి ఎర్రనీళ్ళు కలపని తెలుగు ఇల్లు ఉందా? పసుపునీళ్ళలో తాంబూలం సున్నం (అదీ క్షారమే) చిటికెడు వేస్తే ఎర్రబడతాయి. అక్కడితో ఆపకుండా పిల్లల చేతికి ఒక ఇంకు ఫిల్లరు, నిమ్మరసం ఇవ్వండి. ఒక్కో చుక్కా వేస్తూ, కలుపుతూ, ఎరుపు పోయి మళ్ళీ పసుపుపచ్చ రంగు తిరిగి వచ్చేదాకా లెక్కపెట్టమనండి. తర్వాత సున్నం రెట్టింపు చేసి మళ్ళీ లెక్కపెట్టమనండి. పరీక్షలో రంగు పేరు రాసినందుకు ఒక్క మార్కు వేసి, మిగతావన్నీ చుక్కల లెక్కకు వేయండి.