ఎడమ చేతిలో ఫోన్

కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని పెద్దలన్నారు. అనేవాళ్ళకేం, ఆ రోజుల్లో ఎడమ చేయి ఖాళీగా ఉండేది. ఇప్పుడు ఫోన్ పట్టుకునేది అదే. దానికి తెలియకుండా దానం చేయడం అయ్యే పని కాదు.

అసలు గుప్తదానమంత స్వార్థం ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఎవరికీ చెప్పకుండా పుణ్యమంతా ఒక్కడే మూటగట్టుకుపోవడం ఏం మర్యాద? పదిమందికీ చూపిస్తే, వాళ్ళకి కనీసం కుళ్ళుకునే భాగ్యమైనా దక్కుతుంది.

ఆమధ్య బంధువును చూడ్డానికి ఓ సర్కారు ఆసుపత్రికి వెళ్తే, ఎవరో నాయకుడి పుట్టినరోజని పళ్ళు పంచుతున్నారు. మంచం మీద ఒక ముసలమ్మ. ఆమెకిస్తున్న బత్తాయి ఒకటి, దాని మీద చేతులు ఏడు. ఎనిమిదో ఆయనకు కాయ మీద చోటు దొరక్క ఏడో ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "మామ్మా, ఇటు చూడు... కొంచెం నవ్వు" అన్నాడు ఫోన్ కుర్రాడు. ఆవిడ చూపు మాత్రం బత్తాయి మీదే. నాలుగో ఫోటో అయ్యేదాకా ఆ ఏడింటిలో ఒక్క చెయ్యీ వదల్లేదు. (పక్క మంచం ఆయన ముందుజాగ్రత్తగా తల దువ్వుకున్నాడు.)

డొక్కా సీతమ్మగారికి ఈ తెలివి లేకపోయింది. కోనసీమలో, లంకల గన్నవరంలో, ఆకలని వచ్చినవాళ్ళకి వేళాపాళా చూడకుండా వండిపెట్టి 1909లో కన్నుమూశారు. బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి పిలుపొస్తే వెళ్ళలేదనీ, పోనీ ఫోటో అయినా ఇమ్మంటే వద్దన్నారనీ, తీయకపోతే ఉద్యోగం పోతుందని వచ్చినాయన బతిమాలితే జాలిపడి కూర్చున్నారనీ చెప్పుకుంటారు. అంటే ఆ ఫోటో కూడా దానమే! 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది. పోయిన 115 ఏళ్ళకి. ఫ్లెక్సీ అయితే సాయంత్రానికల్లా వచ్చేది.

ఫ్లెక్సీని తక్కువ చేయకండి. మా వీధి చివర చలివేంద్రంలో కుండలు రెండు, ఫ్లెక్సీ ఇరవై అడుగులు, అందులో మొహాలు పద్నాలుగు. పదకొండుకే కుండలు ఎండిపోతాయి. ఆ మొహాల నీడన మాత్రం ఇద్దరు ఆటోవాళ్ళు, ఒక కుక్క సాయంత్రం దాకా కునుకు తీస్తారు.

ఇక లెక్కల దానం సంగతి. కొత్త పన్ను విధానంలో విరాళాలకిచ్చే 80జీ మినహాయింపు లేదని ఆడిటర్ చెప్పినప్పటి నుంచి, మా స్నేహితుడికి అనాథ పిల్లల మీద ప్రేమ తగ్గుముఖం పట్టింది.

నేను మాత్రం పేరు కోసం పాకులాడే మనిషిని కాను. శ్రీరామనవమి అన్నదానానికి 1,116 రూపాయలిచ్చాను, ఇచ్చి మర్చిపోయాను. బోర్డు మీద నా ఇంటిపేరులో ఒత్తు ఎగిరిపోయిందని కమిటీవాళ్ళ దగ్గరికి మూడుసార్లు తిరిగిన మాట నిజమే. నాలుగోసారి పెయింటర్ని నేనే వెంటబెట్టుకెళ్ళాను. అతని కూలి 1,500. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. అది గుప్తదానం.