14 వద్దు, 20 వేయి

ఇది జరిగింది ఆదివారం. ఇవాళ బుధవారం. మా బామ్మర్ది ఫోన్ చేస్తున్నాడు, నేను ఎత్తడం లేదు.

పాత బార్బెక్యూ పొయ్యి 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్‌లో తెప్పించింది. నల్ల పెయింటు కొట్టిన పల్చటి డబ్బా, నాలుగు కాళ్లు, వాటిలో రెండింటికి చక్రాలు. హనుమకొండలో మా ఇంటి పెరట్లో జామచెట్టు కింద ఉండేది. కాల్చుకుని తిన్న ప్రతిసారీ బూడిద రేపు తీద్దాం అనుకునేవాళ్లం. ఆ రేపటికంటే ముందు వాన వచ్చేది. బూడిద తేమను వదలదు. దానికి తోడు మసాలాలోంచి కారిన ఉప్పు, నిమ్మరసం. ఇనుము తుప్పు పట్టడానికి ఇంకేం కావాలి? మొన్న దాన్ని పక్కకు జరుపుదామని రెండు చేతులా ఎత్తితే పైభాగం నాతో వచ్చింది, అడుగు భాగం అక్కడే ఉండిపోయింది.

వారంటీ కార్డు వెతికి తీశాను. తుప్పుకు వర్తించదట. మంట తగిలే భాగాలకు వర్తించదట. పొయ్యిలో మంట తగలని భాగం ఏముందా అని కార్డు ఒక చేత్తో, టార్చి ఒక చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాను. రెండు చక్రాలు దొరికాయి.

ఈసారి పదేళ్లు కదలకుండా ఉండేది తీసుకోవాలని పట్టు పట్టి, మూడు రాత్రులు ఫోన్‌లో చదివాను. బీడు ఇనుముదైతే అమ్మమ్మల నాటి పెనంలా తరాలు నిలుస్తుంది. కానీ బాగా కాలి ఉన్నప్పుడు చన్నీళ్లు పడితే పగులుతుంది. మా ఇంట్లో పొయ్యి ఆర్పడమంటే చెంబెడు నీళ్లు గుమ్మరించడమే కాబట్టి బీడు సంగతి అక్కడితో సరి. ఇక స్టెయిన్‌లెస్ స్టీల్. 304 రకం మంచిది, అందులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అసలు 304 అయితే అయస్కాంతం అంటుకోదని మా బామ్మర్ది వాట్సాప్‌లో చెప్పాడు. మా ఇంట్లో ఉన్న అయస్కాంతం ఒక్కటే, ఫ్రిజ్ మీది యాదగిరిగుట్ట నరసింహస్వామి. స్వామిని జేబులో పెట్టుకుని వరంగల్ వెళ్లి, స్టీల్ దుకాణంలో ఒక్కో పొయ్యికి ఆనిస్తూ పోయాను. దుకాణాయన ముందు దండం పెట్టుకున్నాడు, తర్వాత, "దేవునితోని గివేం పరీక్షలు సార్?" అన్నాడు. స్వామి దేనికీ అంటుకోలేదు. ధర వినగానే నేనూ అంటుకోలేదు. ఇంటికొచ్చి చదివితే చవకరకం 202 స్టీల్‌కి కూడా అయస్కాంతం అంటదట. పైగా 430 అనేది నిఖార్సయిన స్టెయిన్‌లెస్సేనట, దానికి మాత్రం అంటుకుంటుందట. స్వామిని ఊరికే ఎండలో తిప్పాను.

సరే, మనకు కావాల్సినట్టు మనమే చేయించుకుందామని ములుగు రోడ్డు వైపు ఒక వెల్డింగ్ షాపుకు పోయాను.

"గ్రిల్ చేయించాలె" అన్నాను.

"కిటికీకా, బాల్కనీకా సార్?"

"పెరట్లకు."

"కోతులకా?"

మా ఊళ్లో ఈ ప్రశ్నకు ఎవరూ ఆశ్చర్యపోరు. మా వీధిలో సగం ఇళ్లకు కోతుల కోసం గ్రిల్స్ పెట్టించుకున్నారు. మనుషులు లోపల, కోతులు బయట. సాయంత్రం పూట పిల్లా పాపలతో వచ్చి గోడ మీద కూర్చుని మనల్ని చూసి పోతుంటాయి.

"కోతులకు కాదు, కోళ్లకు" అన్నాను.

"కోళ్ల గూడా? అయితే జాలి సన్నగ వేయాలె. లేకుంటే పిల్లి చెయ్యి పెడ్తది."

"బతికున్న కోళ్లకు కాదయ్యా!"

అతను నల్ల అద్దం పైకెత్తి నా మొహం చూశాడు. నేను ఫోన్‌లో బొమ్మ చూపించాను. "ఓ, సీకుల పొయ్యా! గట్ల చెప్పుండ్రి మరి" అని టేపు తీశాడు. అక్కడిదాకా తప్పు ఇంగ్లీషు మాటది. తర్వాతిది నాది.

"14 గేజ్ రేకు వేద్దాం సార్. గట్టిగుంటది" అన్నాడు.

మూడు రాత్రులు చదివినదంతా ఆ క్షణంలో నా తలలో లేచి నిలబడింది. పల్చటి రేకు కొనొద్దు, గేజ్ (రేకు మందం చెప్పే నంబరు) అడగండి, మోసపోకండి. అడగమన్నారు. అడిగి వచ్చిన జవాబును ఏం చేసుకోవాలో చదివేలోపు నిద్రపట్టినట్టుంది. అయినా ఇందులో చదవడానికేముంది? 60 వాట్ల బల్బు కంటే 100 వాట్ల బల్బు పెద్దది. 40 చొక్కా కంటే 42 పెద్దది, అది నేను ఏటా చూస్తున్నదే. అంకె పెరిగితే వస్తువు పెరుగుతుంది. వీడెవడో ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, ఇనుము గురించి ఏం తెలుస్తదిలే అని నాకు 14 అంటగడుతున్నాడన్నమాట!

"14 వద్దు. 20 వేయి."

"20 ఆ సార్?"

"20."

గ్రైండర్ పట్టుకున్న పిల్లగాడు గ్రైండర్ ఆపాడు. స్టూలు మీద చాయ్ తాగుతున్న ఒక పెద్దమనిషి గ్లాసు దించాడు.

"సార్, 20 అంటే గది…"

"తెలుసయ్యా, అన్నీ చదువుకునే వచ్చిన" అన్నాను.

ఈ వాక్యం ఆదివారం నుంచి రోజుకు పదిసార్లు గుర్తొస్తోంది. స్నానం చేస్తుంటే గుర్తొస్తోంది, సిగ్నల్ దగ్గర ఆగితే గుర్తొస్తోంది.

"సరే, మీ ఇష్టం సార్" అన్నాడతను. "14 అయితే ఏడు వేలయితుండె. 20 కదా, నాలుగున్నర ఇయ్యుండ్రి. కని రాడ్ పెడితే చిల్లులు పడ్తయి, జర ఆలస్యమయితది."

పెద్ద గేజు, తక్కువ ధర! తెలిసినవాడు ఎదురుగా నిలబడితే రేటు ఎలా దిగుతుందో చూశావా అని దారి పొడుగునా నన్ను నేనే మెచ్చుకున్నాను. శనివారం తీసుకోవడానికి వెళ్తే ఆ పిల్లగాడు మూడడుగుల పొయ్యిని ఒంటిచేత్తో లేపి ఆటోలో పెట్టాడు. ఏం బలంరా నీకు అని వాడికి ఇరవై రూపాయలు ఇచ్చాను కూడా.

ఆదివారం దావత్. మామయ్య, అత్తమ్మ, బామ్మర్ది, సడ్డకుడి కుటుంబం. మామయ్య కాజీపేట లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. వచ్చీ రాగానే పొయ్యి చుట్టూ ఒక రౌండు వేసి, వేలితో గోడ మీద టిక్కుటిక్కుమని కొట్టి, ఏమీ అనకుండా వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. నచ్చిందనుకున్నాను.

మూడు కిలోల చికెన్ పొద్దున్నుంచీ అల్లం, పెరుగు, కారంలో నానుతోంది. బొగ్గులు రాజుకున్నాయి. సీకుల పొడుగు కొలిచి ఇచ్చి, రెండు గోడల మీదా సరిగ్గా వాటికి సరిపోయేలా గాట్లు పెట్టించాను. తొమ్మిది సీకులూ వరసగా పేర్చి, విసనకర్ర ఊపుతూ, అందరివైపూ తిరిగి "పదేళ్లు చూసుకోనక్కరలేదు" అని మొదలుపెట్టాను.

ఢబ్!

చిన్న చప్పుడు కాదు. అత్తమ్మ ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకుని, "కరెంటు పోయిందా?" అని అడిగింది. పట్టపగలు. పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది. సడ్డకుడి చిన్నోడు ఎంతో సంతోషంగా "ఇంకోసారి!" అన్నాడు. వాడి కోరిక నిమిషంలో తీరింది. ఢబ్! ఈసారి అడుగు రేకు కింది వైపు పొట్ట తన్నింది. నేను వంగి చూస్తున్నాను. నా కళ్ల ముందే అది మళ్లీ లోపలికి పోయింది, ఢబ్, మళ్లీ బయటికి వచ్చింది. చిన్నప్పుడు డబ్బా మూతను బొటనవేలితో నొక్కి టక్కుటక్కుమనిపించేవాళ్లం కదా, అది ఇంత పెద్దగా, నిండా నిప్పులతో చేసినట్టుంది.

తర్వాత లెక్క వేసుకున్నాను. (దీన్నే ముందు వేసుకుంటే ఎంత బాగుండేది.) మూడడుగుల ఇనప రేకు 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు అర సెంటీమీటరు పొడుగు పెరుగుతుంది. నాలుగు పక్కలా వెల్డింగ్ చేసి బిగించాక ఆ అర సెంటీమీటరు ఎక్కడికి పోవాలి? దళసరి రేకైతే ఓర్చుకుంటుంది. పల్చటిదైతే ఉబ్బుతుంది. ఈ బాధ పడలేకే ఒకప్పుడు రైలు పట్టాల మధ్య సందు వదిలేవాళ్లు. కాజీపేట మనిషి పెరట్లోనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒక్క ముక్క చెప్పలేదు.

అడుగు అలా డప్పు కొడుతుంటే, పొడుగాటి గోడలు రెండూ నెమ్మదిగా వెనక్కి వాలాయి. పెళ్లి భోజనం చేసి కడుపు మీద చెయ్యేసుకుని వెనక్కి వాలతారే, అలాగ. గోడ గోడకూ దూరం పెరిగింది. సీకుల పొడుగు పెరగలేదు. నడిమి సీకు మొదట ఒక పక్క గాట్లోంచి జారి, ఒక క్షణం ఆలోచించినట్టు ఆగి, నిప్పుల్లో పడింది. దాని పక్కది. దాని పక్కది. నేను చెంచా పట్టుకుని ఒకదాన్ని లేపేలోపు రెండు పడుతున్నాయి. మా ఆవిడ ఇంట్లోంచి పట్టకారు తెచ్చేసరికి అంచుల్లో రెండు మాత్రం మిగిలాయి. మిగతా ఏడూ బూడిద పూసుకుని సన్యాసం తీసుకున్నాయి. ఢబ్!

అప్పుడు లేచాడు మామయ్య. తాపీగా వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని, "ఎంత గేజ్ వేయించినవ్ అల్లుడూ?" అని అడిగాడు.

ఇక్కడైనా "నాకు తెల్వదు మామయ్యా, వాడేదో వేసిండు" అని ఉంటే బయటపడేవాణ్ని. అబద్ధానికి అవకాశం కూడా ఆయనే ఇచ్చాడు. నేను ఛాతీ విరుచుకుని, "20! వాడు 14 వేస్తనంటే నేను ఒప్పుకోలే" అన్నాను.

పెరట్లో పొయ్యి తప్ప ఎవరూ చప్పుడు చేయలేదు. తర్వాత బామ్మర్ది నవ్వడం మొదలుపెట్టాడు. వాడు కూర్చుని నవ్వాడు, లేచి నవ్వాడు, జామచెట్టు పట్టుకుని నవ్వాడు. 202 స్టీల్ సంగతి తెలియక నన్ను దేవుడితో సహా వరంగల్ పంపినవాడు!

14 గేజ్ అంటే 2.03 మిల్లీమీటర్లు. 20 గేజ్ అంటే 0.91 మిల్లీమీటరు. సగం కూడా లేదు. ఒక చదరపు మీటరు రేకు 14లో అయితే దాదాపు 16 కిలోలు తూగుతుంది, 20లో 7 కిలోలు. ఆ పిల్లగాడికి బలమూ లేదు, పాడూ లేదు. నా ఇరవై రూపాయలు దండగ.

అంకె పెరిగితే వస్తువు తగ్గే ఈ లెక్క పెట్టింది ఎవరయ్యా అని చూస్తే, తీగలు లాగేవాళ్లు. తీగను సన్నం చేయాలంటే చిన్న చిన్న రంధ్రాల్లోంచి మళ్లీ మళ్లీ లాగాలి. ఎన్నిసార్లు లాగితే అంత నంబరు, అంత సన్నం. దాన్ని ఇంగ్లండ్‌లో 1884లో చట్టబద్ధమైన కొలత చేశారు. ఆ దొరలు ఎప్పుడో పోయారు. 1956లో మనం మెట్రిక్ కొలతలకు చట్టం చేసుకున్నాం. పాలు లీటర్లలో, బియ్యం కిలోల్లో కొంటున్నాం. ములుగు రోడ్డు మీద రేకు మాత్రం ఇంకా ఎవరో తెల్లవాడు తీగను ఎన్నిసార్లు లాగాడో లెక్కబెట్టి అమ్ముతున్నారు. "రెండు మిల్లీమీటర్లది వేద్దాం సార్" అంటే ఏం పోయింది? నేను కిక్కురుమనేవాణ్ని కాదు.

సోమవారం ఫోన్ చేసి ఆ మాటే అడిగాను.

"నేను చెప్పబోతిని కద సార్. మీరు అన్నీ చదువుకొని వచ్చిన అంటిరి" అన్నాడు.

"అయినా చెప్పాలె కదయ్యా!"

"పెద్దసార్లు, ఏమన్న డిజైన్ ఉందేమో అనుకున్న" అన్నాడు. అందులో ఎగతాళి ఉందో లేదో ఇప్పటికీ తేలలేదు. 14 గేజ్‌తో మళ్లీ చేస్తాడట, పాత రేకు తుక్కు కింద కిలోల లెక్కన తీసుకుంటాడట. ఆ లెక్క మాత్రం కిలోల్లోనే.

ఇంకా ఏదీ తేల్చలేదు. పొయ్యి జామచెట్టు నీడ దాటి, ఆదివారం ఎక్కడ పెట్టామో అక్కడే ఎండలో ఉంది. ఇది రాస్తుండగా, నిప్పూ లేదు, ఏమీ లేదు, ఒంటిగంట ఎండకే పెరట్లోంచి "ఢబ్" మంది.

"మిమ్మల్నే పిలుస్తుంది" అంది మా ఆవిడ వంటింట్లోంచి.