మెడికల్ షాపులో తేలిపోయే జబ్బు కాదిది

విశాఖ గాజువాకలో రాత్రి తొమ్మిది దాటాక ఏ మెడికల్ షాపు దగ్గరైనా కాసేపు నిలబడండి. ఒక కుర్రాడు మిగతావాళ్ళంతా వెళ్ళేదాకా ఫోన్ చూసుకుంటూ ఆగుతాడు. తర్వాత గొంతు తగ్గించి, ‘యూరిన్‌కి వెళ్తే మంటగా ఉందన్నా, ఏదైనా టాబ్లెట్ ఇవ్వు’ అంటాడు. షాపాయన ఏమీ అడగడు. స్ట్రిప్పులోంచి మూడు మాత్రలు కత్తెరతో కత్తిరించి కవర్లో వేసిస్తాడు. రెండ్రోజుల్లో మంట తగ్గుతుంది. మంట తగ్గితే రోగం పోయినట్టేననుకుంటాడు ఆ కుర్రాడు. కానీ సరిగ్గా నయం కాని ఆ ఇన్‌ఫెక్షన్ మగవాళ్ళలో సంతానలేమికి దారితీయొచ్చు.

నాలుగైదేళ్ళకి పెళ్ళయి, పిల్లలు పుట్టడం లేదని ఫైలు పట్టుకుని తిరిగేది మాత్రం అతని భార్య. స్కాన్లు, హార్మోన్ పరీక్షలు, ట్యూబుల ఎక్స్‌రే అన్నీ ఆవిడకే. అప్పటిదాకా ఆయనగారు బయట బండి మీదే కూర్చుంటారు. చివర్లో ఎవరో ‘ఆయనకీ ఒకసారి చూపిస్తే...’ అని నసుగుతారు. సంతానలేమి కేసుల్లో దాదాపు సగం చోట్ల మగవాళ్ళ వైపు కూడా ఏదో ఒక లోపం ఉంటుంది. వీర్యపరీక్ష అన్నిటికన్నా తేలిక, చవక. అదే ఆఖరికి మిగలడం వైద్యం లోపం కాదు, మన ఇళ్ళ లోపం.

వృషణంలో తయారైన వీర్యకణాలు నేరుగా బయటికి రావు. దాని వెనక అంటిపెట్టుకుని ఉండే ఎపిడిడిమిస్ అనే గొట్టంలో రోజుల తరబడి ప్రయాణించి, అక్కడే కదిలే శక్తి తెచ్చుకుంటాయి. చుట్టలు చుట్టుకుని చిటికెన వేలంత కనిపించే ఆ గొట్టాన్ని సాగదీస్తే సుమారు ఆరు మీటర్లు. గనేరియా, క్లమీడియా లాంటి సుఖవ్యాధులు మూత్రనాళం నుంచి పాకి అక్కడిదాకా వెళ్తే వాపు వస్తుంది. వాపు తీశాక మిగిలే మచ్చ ఆ సన్నటి దారిని మూసేస్తుంది. రెండువైపులా మూసుకుపోతే, లోపల తయారీ బాగానే ఉన్నా వీర్యపరీక్ష రిపోర్టులో ‘నిల్’ అని, అంటే కణాలే లేవని వస్తుంది. అప్పుడిక సూదితో కణాలు తీసి, ల్యాబులో ఒక్కో కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ చేయాలి, ఖర్చు లక్షల్లో. క్లమీడియాతో ఇంకో చిక్కు, చాలామందికి మంట కూడా ఉండదు. టీబీ కూడా ఈ గొట్టాన్నే పట్టుకోగలదు. దగ్గు లేకపోతే టీబీ అన్న మాటే మనకు తట్టదు.

గవదబిళ్ళల సంగతి వేరు. చిన్నప్పుడు వస్తే నాలుగు రోజులు బుగ్గలు వాచి పోతాయి. మెడలో బంగారు గొలుసు వేసి ఊరుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. యుక్తవయసు దాటిన మగవాళ్ళకు సోకితే మాత్రం 20 నుంచి 30 శాతం మందిలో వృషణాలు వాస్తాయి. ఎక్కువగా ఒకవైపే కాబట్టి పూర్తిగా పిల్లలు పుట్టకపోవడం అరుదు. అయినా ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాలో తట్టు, రుబెల్లాలే ఉన్నాయి. గవదబిళ్ళలకీ కలిపి ఉండే ఎంఎంఆర్ టీకా కావాలంటే డబ్బు పెట్టి వేయించుకోవాలి. ఈ లోటు ఎప్పుడో సరిచేయాల్సింది.

అలాగని వీర్యపరీక్ష రిపోర్టులో ‘పస్ సెల్స్’ (చీము కణాలు, అంటే తెల్లరక్తకణాలు) కనబడగానే యాంటీబయాటిక్ రాసేయడమూ తప్పే. మామూలు మైక్రోస్కోపు కింద తెల్లరక్తకణాలూ, ఇంకా ఎదగని వీర్యకణాలూ గుండ్రంగానే ఉంటాయి. తెల్లకణాలకు రంగు పట్టించి గుర్తించే పెరాక్సిడేజ్ పరీక్ష లాంటిది చేస్తే గానీ తేడా తెలీదు. ఆ ఓపిక లేని ల్యాబు గుండ్రటివన్నీ పస్ సెల్స్ ఖాతాలో వేసేస్తుంది. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో మిల్లీలీటరుకు 10 లక్షల తెల్లకణాలు దాటితేనే అనుమానించాలి. నిజంగా ఇన్‌ఫెక్షన్ ఉండి మందులు వాడినా ఫలితం వారంలో తెలియదు. వీర్యకణం తయారవడానికే 70 రోజులకు పైగా పడుతుంది, మూడు నెలలు ఆగి మళ్ళీ పరీక్షించాలి. ఆ టెన్షన్ తట్టుకోలేక మధ్యలోనే ఐవీఎఫ్‌కి అడ్వాన్స్ కట్టేసేవాళ్ళున్నారు.

విశాఖ కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధుల కోసం సురక్ష క్లినిక్ ఉంటుంది. లక్షణాన్ని బట్టి మందుల కిట్టు ఉచితం, వివరాలు బయటికి పొక్కనివ్వరు. భార్యకీ మందులిస్తారు. ఒక్కరే వాడితే అది ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది మరి. కానీ పొద్దున ఓపీ వేళకి గాజువాక నుంచి బస్సెక్కి రావాలంటే షిఫ్టు కుర్రాడికి ఒక రోజు కూలి పోతుంది. వీధి చివర మెడికల్ షాపు మాత్రం రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంటుంది.