హోల్డర్‌లో పట్టినంత మాత్రాన అది సరైన హెడ్‌లైట్ బల్బు కాదు

కారు హెడ్‌లైట్ బల్బు మార్చుకోవడం గురించి ఒక సందేశం చాలాకాలంగా ఫోన్లలో తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "మాన్యువల్ వెతుక్కోనక్కర్లేదు. కారు పేరు చెబితే బల్బు ఏదో తెలిసిపోతుంది. హోల్డర్‌లో పట్టి వెలిగితే అదే సరైన బల్బు. బల్బుల మీది ఆ నంబర్లన్నీ కంపెనీలు అమ్మకాల కోసం పెట్టుకున్న పేర్లు. వాట్లు, కెల్విన్లు ఎంత ఎక్కువైతే వెలుగు అంత ఎక్కువ. డబ్బా మీద మీ నంబరు ఉంటే ఎల్‌ఈడీ కూడా నిశ్చింతగా పెట్టుకోవచ్చు." ఇందులో ఒక్క మాట కూడా పూర్తిగా నిలబడదు. రాత్రివేళ మన చూపు, ఎదుటివారి చూపు రెండూ వేలెడంత బల్బు మీద ఆధారపడి ఉంటాయి కనుక, ఈ మాటలను ఒక్కొక్కటిగా పరిశీలించి జవాబు చెప్పడం అవసరమని భావిస్తున్నాను.

ముందుగా నంబర్ల సంగతి చూద్దాం, ఎందుకంటే మిగిలిన పొరపాట్లన్నీ ఇక్కడి నుంచే పుడుతున్నాయి. హెచ్4, హెచ్7, హెచ్11 అనేవి ఏ కంపెనీ సొంత పేర్లూ కావు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 37వది ఫిలమెంట్ (వేడెక్కి వెలుగునిచ్చే సన్నని తీగ చుట్ట) ఉన్న బల్బులకు సంబంధించినది. బల్బు అడుగుభాగం ఏ ఆకారంలో ఉండాలి, ఫిలమెంట్ ఆ అడుగుభాగం నుంచి ఎంత దూరంలో, ఏ దిశలో ఉండాలి, 13.2 వోల్టుల వద్ద ఎంత వెలుగునివ్వాలి అన్నవి ఒక్కొక్క రకానికి విడివిడిగా అందులో నిర్ణయించి ఉన్నాయి. కాబట్టి ఆ నంబరు నిజానికి ఒక కొలతల పట్టిక. హెడ్‌లైట్ లోపలి రిఫ్లెక్టర్‌ను (వెలుగును రోడ్డు మీదికి మళ్లించే అద్దం లాంటి గిన్నెను) ఆ పట్టికలో చెప్పిన చోట ఫిలమెంట్ ఉంటుందన్న నమ్మకంతోనే మలుస్తారు. ఫిలమెంట్ కాస్త పక్కకు జరిగినా వెలుగు పడవలసిన చోట పడదు.

ఒక హెచ్4 బల్బును చేతిలోకి తీసుకుని (గాజును తాకకుండా) వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే ఇది కళ్లకు కడుతుంది. లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ముందువైపున్న దాని కింద చెంచా గుంట లాంటి చిన్న లోహపు తొడుగు ఉంటుంది. అది లో బీమ్ (ఎదుటివారి కళ్లలో పడకుండా కిందికి, దగ్గరగా పడే వెలుగు) ఫిలమెంట్. ఆ తొడుగు ఉండటం వల్ల దాని వెలుగు రిఫ్లెక్టర్ పైసగానికే చేరి, అక్కడి నుంచి రోడ్డు మీదికి దిగుతుంది. వెనకవైపున్న హై బీమ్ ఫిలమెంట్‌కు అలాంటి అడ్డు లేదు కనుక దాని వెలుగు రిఫ్లెక్టర్ అంతటా పరచుకుని దూరం పోతుంది. గాజు కొసన ఉండే నల్లటి పూత, ఫిలమెంట్ నుంచి నేరుగా ముందుకు దూసుకొచ్చే వెలుగును ఆపుతుంది. అడుగున ఉన్న మూడు రెక్కల్లో ఒకటి మిగతా రెంటికన్నా వెడల్పుగా ఉండి, పైకి వచ్చేలా మాత్రమే కూర్చుంటుంది. వీటిలో ఏదీ అలంకారం కోసం పెట్టినది కాదు.

ఇక "పట్టి వెలిగితే చాలు" అన్న మాట. హెచ్8, హెచ్9, హెచ్11, హెచ్16 అనే నాలుగు బల్బులూ ఒకే కుటుంబానికి చెందినవి. దూరం నుంచి చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి. కానీ హెచ్8 వాడుకునేది 35 వాట్లు, హెచ్9 65 వాట్లు, హెచ్11 55 వాట్లు, హెచ్16 19 వాట్లు. హెచ్11 సుమారు 1350 ల్యూమెన్ల (వెలుగు పరిమాణాన్ని తెలిపే కొలత) వెలుగునిస్తే హెచ్9 సుమారు 2100 ఇస్తుంది. ఒకదాని చోట ఇంకొకటి కూర్చోకుండా ఉండటానికే అడుగు రెక్కల్లో చిన్న చిన్న తేడాలు పెట్టారు. ఆ రెక్కను ఆకురాయితో కాస్త అరగదీస్తే హెచ్9 బల్బు హెచ్11 చోట కూర్చుంటుంది, వెలుగుతుంది కూడా. దీన్ని ఒక చిట్కాగా పంచుకునేవారు ఉన్నారు. అయితే హెచ్9 కొసన హెచ్11కు ఉన్నట్టు నల్లటి పూత ఉండదు, ఎందుకంటే అది హై బీమ్ కోసం పుట్టిన బల్బు. లో బీమ్ రిఫ్లెక్టర్‌లో దాన్ని పెడితే ఆ పూత ఆపవలసిన వెలుగంతా సరాసరి ఎదుటివారి కళ్లలోకి పోతుంది.

ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసిన విషయం కాదు. కొన్నాళ్ల క్రితం ఒక పాత కారు కొన్నాను. లో బీమ్‌లోనే నడుపుతున్నా ఎదురుగా వచ్చేవారు పదే పదే డిప్పర్ కొట్టేవారు. హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించినా ఫలితం లేకపోయింది. చివరికి వెనక మూత విప్పి, ఎడమవైపు బల్బును తిప్పి బయటికి తీశాను. ఒక రెక్క అంచున ప్లాస్టిక్ తెల్లగా గీసుకుపోయి ఉంది, ఆకురాయి గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. లోహపు పట్టీ మీద హెచ్9 అని రాసి ఉంది. హెడ్‌లైట్ డొప్ప వెనక, ప్లాస్టిక్‌లోనే పోతపోసిన అక్షరాల్లో హెచ్11 అని ఉంది.

"పాత బల్బు మీది నంబరు చూసి అదే కొనండి" అన్న సలహా కూడా అదే సందేశం కింద తరచుగా కనిపిస్తుంది. పైవాటన్నిటికన్నా ఇది మెరుగైన మాటే. బల్బు మొదటినుంచీ మార్చనిదైతే ఆ నంబరు సరైనదే అవుతుంది. మధ్యలో ఎవరు ఏం మార్చారో తెలియని కారు విషయంలో మాత్రం పాత బల్బు ఒక సాక్షి మాత్రమే. మాన్యువల్‌లోని బల్బుల పట్టిక, హెడ్‌లైట్ డొప్ప మీది అక్షరాలు దానితో ఏకీభవిస్తే సందేహం లేదు. ఏకీభవించకపోతే డొప్ప మీది మాటే చెల్లుతుంది, ఎందుకంటే రిఫ్లెక్టర్ ఉన్నది ఆ డొప్పలోనే. బల్బు మీద వోల్టేజీ కూడా చూడాలి. హెచ్4, హెచ్7 రకాలు కార్లకు 12 వోల్టుల్లో, లారీల వంటి పెద్ద బళ్లకు 24 వోల్టుల్లో కూడా తయారవుతాయి.

కారు పేరు చెబితే చాలునన్నది మూడో మాట. ఒకే పేరుతో అమ్ముడయ్యే కారులో తక్కువ వేరియంట్‌కు రిఫ్లెక్టర్‌తో హెచ్4, పై వేరియంట్‌కు ప్రొజెక్టర్‌తో (వెలుగును కటకం గుండా పంపే అమరికతో) వేరే బల్బు, అన్నిటికన్నా పై దానికి అసలు బల్బు మార్చే వీలే లేని ఎల్‌ఈడీ ఉండవచ్చు. మధ్యలో కారు ముందుభాగం రూపు మార్చిన సంవత్సరంలో హెడ్‌లైట్ కూడా మారి ఉండవచ్చు. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఇంకొకటి, ఫాగ్ ల్యాంప్‌కు మరొకటి ఉండటం మామూలే. కాబట్టి ప్రశ్న "ఏ కారు" అన్న దగ్గర ఆగకూడదు. ఏ సంవత్సరం, ఏ వేరియంట్, ఏ దీపం అన్నంత వరకూ పోవాలి. దీనికి తోడు ఒకే బల్బుకు రెండు పేర్లు ఉండే చిక్కు ఒకటి ఉంది: 9005 అన్నా హెచ్‌బీ3 అన్నా ఒకటే, 9006 అన్నా హెచ్‌బీ4 అన్నా ఒకటే. పక్కపక్క అంకెలు కదా అని 9005 బదులు 9006 తెచ్చుకుంటే మాత్రం పొరపాటే, వాటి అడుగులూ వేరు, వెలుగూ వేరు.

వాట్ల విషయానికి వస్తే లెక్క సులువు. 12 వోల్టుల మీద 55 వాట్ల బల్బు సుమారు 4.6 ఆంపియర్ల కరెంటు లాగుతుంది, 100 వాట్లది 8.3 లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, అదే తీగ మూడు రెట్లకు పైగా వేడెక్కుతుంది. కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, పెళుసై, చివరికి కరగడం ఇలాగే మొదలవుతుంది. సన్నని తీగలో వోల్టేజీ కూడా ఎక్కువగా పడిపోతుంది కనుక పెట్టిన వాట్లకు తగిన వెలుగు కూడా రాదు. రిలే (హెడ్‌లైట్లకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు పంపే స్విచ్చు) పెట్టి, లావు తీగలు వేయించుకున్నామని కొందరు అంటారు. దానితో తీగల వేడి తగ్గుతుంది, కానీ రిఫ్లెక్టర్ పూత మీద పడే వేడి తగ్గదు, ఎదుటివారి కళ్లలో పడే వెలుగు అసలే తగ్గదు.

కెల్విన్ అన్నది వెలుగు రంగును తెలిపే కొలత, వెలుగు పరిమాణాన్ని కాదు. మామూలు హాలోజన్ బల్బు (పైన చెప్పిన ఫిలమెంట్ రకమే) సుమారు 3200 కెల్విన్ల పసుపు తెలుపులో ఉంటుంది. దాని గాజు మీద నీలి పూత పూసి 5000 అని రాసినప్పుడు, ఆ పూత చేసే పని పసుపు, ఎరుపు వెలుగును మింగేయడమే. తెల్లగా కనిపిస్తుంది, బయటికి వచ్చే వెలుగు మాత్రం తగ్గుతుంది.

ఎల్‌ఈడీ మీద నాకు వ్యతిరేకత లేదు, దాని కోసమే మలిచిన హెడ్‌లైట్‌లో అది చక్కగా పనిచేస్తుంది. కానీ హాలోజన్ హెడ్‌లైట్‌లో పెట్టుకునే ఎల్‌ఈడీ డబ్బా మీద హెచ్7 అని ఉంటే, అది ఆ హోల్డర్‌లో కూర్చుంటుందని మాత్రమే అర్థం. ఫిలమెంట్ ఒక సన్నని చుట్ట, నలువైపులా వెలుగు చిమ్ముతుంది. ఎల్‌ఈడీ చిప్‌లు ఒక పలక మీద అటూ ఇటూ అతికించి ఉంటాయి, పలక మందం కొద్దీ వెలుగు పుట్టే చోటు మారిపోతుంది. జర్మనీలో 2020లో ఇలాంటి ఎల్‌ఈడీ బల్బుకు తొలిసారి అనుమతి వచ్చినప్పుడు కూడా, పరీక్షించి చూసిన కారు మోడళ్ల జాబితాకే దాన్ని పరిమితం చేశారు. నంబరు కలిస్తే చాలుననుకుంటే ఆ జాబితా అక్కరే ఉండేది కాదు.

జినాన్ దీపాల (ఫిలమెంట్ లేకుండా, వాయువులో విద్యుత్తు మెరుపుతో వెలిగేవి) గురించి సందేశంలో ఏమీ లేదు కానీ, డీ1ఎస్, డీ2ఎస్ వంటి గుర్తు ఉన్న హెడ్‌లైట్లలో చేయి పెట్టేముందు ఆగాలి. వెలిగేటప్పుడు అక్కడ వేల వోల్టులు పుడతాయి. డీ1, డీ2 రకాలు 85 వోల్టుల మీద, పాదరసం లేని డీ3, డీ4 రకాలు 42 వోల్టుల మీద నడుస్తాయి కనుక ఒకటి ఇంకొకదానికి ప్రత్యామ్నాయం కాదు. చివరి అక్షరం ఎస్ అయితే ప్రొజెక్టర్‌కు, ఆర్ అయితే రిఫ్లెక్టర్‌కు.

నా కారులో మొదట ఎడమవైపు ఒక్కటే హెచ్11 పెట్టి, కుడివైపు పాతదాన్ని అలాగే ఉంచి, చీకటి పడ్డాక చదునైన నేల మీద ఒక గోడకు ఎదురుగా కారు నిలిపి లో బీమ్ వేశాను. ఎడమవైపు వెలుగు పై అంచు గీత గీసినట్టు ఉంది, దాని పైన గోడ నల్లగా ఉంది. కుడివైపు గీత చెదిరిపోయి, దాని పైన మనిషి తల ఎత్తు దాకా తెల్లటి పొగమంచు పట్టినట్టు ఉంది. మరునాడు కుడివైపు బల్బు కూడా మార్చాను. ఆ తరువాత ఎదురుగా వచ్చేవారెవరూ నాకు డిప్పర్ కొట్టలేదు.