అరవై దాటితే మాట అర్థం కాదనేది అబద్ధం

మా కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "అరవై దాటాక మెదడులో భాషని అర్థం చేసుకునే భాగం ఎండిపోతుంది. పేర్లు మర్చిపోతున్నారంటే మతి పోయినట్టే. చిన్నపిల్లలకి చెప్పినట్టు గట్టిగా అరిచి చెప్పండి. పొలం, బ్యాంకు సంగతులు వాళ్ళ దాకా తీసుకెళ్ళకండి." దీని కింద అందరూ దండాలు పెడుతున్నారు. నాకైతే ఒళ్ళు మండింది.

భాగం ఎండిపోవడమనేది తప్పు. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోయే మాట నిజమే, కానీ మాటల అర్థాలు ఒక్క మూల దాచి ఉండవు. పదాలు ఎన్ని తెలుసని పరీక్ష పెడితే అరవై దాటినవాళ్ళు ఇరవైల్లో ఉన్నవాళ్ళతో సమానంగానో, ఇంకా బాగానో చేస్తారు. తగ్గేది వేగం, ఒకేసారి మనసులో పట్టి ఉంచుకునే శక్తి. మన తెలుగులో క్రియ చివర్న వస్తుంది కాబట్టి గుక్క తిప్పుకోకుండా పొడుగాటి వాక్యం చెబితే మొదలంతా అప్పటిదాకా మోయాలి, అక్కడే తడబడతారు.

అసలు చిక్కు చాలాసార్లు చెవిది. వయసు మీద పడ్డాక ముందు పోయేది సన్నటి, హెచ్చు శ్రుతి శబ్దాలు వినడం. స, ష, త లాంటి హల్లులకి ఆ శబ్దాలే ఆధారం. అచ్చులు బాగానే వినిపిస్తాయి, అందుకే "వినపడుతోంది కానీ తెలియట్లేదు" అంటారు. సార్వా (ఖరీఫ్ వరి) కోతలప్పుడు చేలో మిషను నడుస్తుండగా మా పెద్దమ్మని "దాళ్వాకి కౌలు ఎవరికిద్దామంటావు?" అని రెండో పంట సంగతి అడిగితే "ఆఁ, తిన్నాన్రా" అంది. పక్కనున్న మా తమ్ముడు "చూశావా, ఇంకేం అర్థమవుతుంది" అనేశాడు. ఇంటికొచ్చాక అరుగు మీద ఎదురుగా కూర్చుని మామూలు గొంతుతో అదే మాట అడిగాను. "కిందటేడు ఇచ్చినదానికి తక్కువ ఒప్పుకోకు. మనది శివారు చేను, వంతు నీళ్ళు అందకపోతే ఎవరి బాధ్యతో ముందే మాట్లాడుకో" అంది. నాకు ఆ నీళ్ళ సంగతి తట్టనే లేదు.

పేర్లు మర్చిపోవడం వేరు, అర్థం కాకపోవడం వేరు. నాలిక చివర ఆడుతూ పేరు రాకపోవడం వయసుతో అందరికీ పెరుగుతుంది. మనం చెప్పగానే "ఆ, అతనే" అంటే ఆ మనిషి గుర్తున్నట్టే కదా. అడిగిందే పదే పదే అడగడం, తెలిసిన దారే తప్పిపోవడం లాంటివి కనిపిస్తే మాత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

అరవడం సంగతి. అరిస్తే గొంతు శ్రుతి పెరుగుతుంది, మాట సాగి రూపం మారిపోతుంది, పైగా అవమానం. టీవీ కట్టేసి, మొహం కనపడేలా కూర్చుని, ఒక్కో విషయం చెప్పి కాస్త ఆగండి, చాలు.

ఇక పొలం, బ్యాంకు మాటల్లోంచి తప్పించమనే సలహా అన్నిటికన్నా ప్రమాదం. మెదడుకి భాషతో పని ఉంటే మేలేమో అనిపించే పరిశోధన ఒకటుంది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతి తగ్గిపోయే జబ్బు) రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో ఆ జబ్బు సుమారు 4.5 ఏళ్ళు ఆలస్యంగా బయటపడింది, చదువు రానివాళ్ళలో కూడా. కువైట్‌లో పనిచేసి హిందీ, అరబ్బీ నేర్చుకొచ్చిన మన ఆడవాళ్ళు ఎంతమంది లేరు! భాషే ఏకైక కారణమని ఆ పరిశోధన రుజువు చేయలేదు. అయినా మాటలో పెట్టాల్సిన మనిషిని మూల కూర్చోబెట్టమనడానికి ఆధారం ఎక్కడుంది?

ఈ మెసేజ్ వల్ల నాకున్న పెద్ద భయం ఇంకోటి. నిన్నటిదాకా బాగున్న మనిషికి ఉన్నట్టుండి మాట ముద్దగా వచ్చినా, మన మాట అర్థం కాకపోయినా, మూతి ఒక పక్కకి లాగినా అది పెద్దతనం కాదు, పక్షవాతం కావచ్చు. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి 4.5 గంటల్లోపే ఇవ్వాలి. తెల్లారనిద్దాం అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.