షట్టర్ దించినా లేటు ఫీజు ఆగదు

పాలకొల్లు దగ్గర కొబ్బరిపీచు యూనిట్ మూసేసినా, భీమవరంలో ఏరియేటర్ విడిభాగాల కొట్టు ఎత్తేసినా జీఎస్టీ నంబరు బతికే ఉంటుంది. నంబరు తీసిచ్చిన రోజున ఈ ముక్క ఎవరూ చెప్పరేం? "వ్యాపారమే లేదు కదండీ, ఇంకా రిటర్నేంటి?" అనుకుంటారు పాపం. లేకపోయినా వెయ్యాలి. సున్నా 3బీ (అమ్మకాలేమీ లేవని చూపే జీఎస్టీఆర్-3బీ రిటర్ను) ఆలస్యమైతే రోజుకి 20 రూపాయలు, ఒక్కో రిటర్నుకి 500 దాకా. నెలనెలా వేసేవాళ్లు ఏడాది వదిలేస్తే 6,000, అదీ రూపాయి అమ్మకం లేకుండా! క్రెడిట్ లెడ్జర్లో, అంటే కొన్న సరుకు మీద కట్టిన పన్ను జమయ్యే ఖాతాలో, సొమ్మున్నా దీనికి పనికిరాదు, చలానా తీసి నగదే కట్టాలి. పన్ను బాకీ ఉంటే 18 శాతం వడ్డీ వేరే.

పాత నెల వెయ్యందే కొత్త నెల తెరుచుకోదు. గడువు దాటి 3 ఏళ్లయితే పోర్టల్ అసలు తీసుకోదు.

అన్నిటికంటే ఒళ్లు మండేది రిటర్ను వేసేటప్పుడు వచ్చే ఓటీపీ. రిజిస్ట్రేషన్‌లో లెక్కలు రాసే కుర్రాడి ఫోను నంబరు పెట్టేస్తారు. అతను పని మానేశాక ఓటీపీ అతని జేబులో మోగుతుంది, ఓనరు ఖాళీ గడి చూస్తూ కూర్చోవాలి. పాన్, ఆధార్, రిజిస్ట్రేషన్ కాగితాలు పట్టుకుని మన జీఎస్టీ నంబరు ఏ అధికారి కింద ఉందో అక్కడికెళ్లి ఫోను, ఈమెయిలు మార్పించుకోవాల్సిందే.

జీఎస్టీ నంబరు రద్దుకి రెగ్-16 దరఖాస్తు పెడితే అయిపోయినట్టు కాదు. ఆర్డరొచ్చిన 3 నెలల్లో జీఎస్టీఆర్-10 అనే ఆఖరి రిటర్ను వెయ్యాలి. గోడౌన్లో మిగిలిన మోటార్లు, గేర్‌బాక్సుల మీద వాడుకున్న క్రెడిట్ అందులోనే లెక్కగట్టి వెనక్కి కట్టాలి.